ఇంటి రీమోడలింగ్‌లో ‘ఎక్స్‌ట్రా వర్క్’ డబ్బులు రావట్లేదా? కాంట్రాక్టర్లు అగ్రిమెంట్‌లో ఏం రాసుకోవాలి.. చట్టం ఏం చెబుతోంది?

"ఎలాగూ హాల్లో ఫాల్స్ సీలింగ్ వేస్తున్నారు కదా.. ఆ చిన్న బెడ్‌రూమ్‌లో కూడా వేసేయండి, తర్వాత చూసుకుందాం." ఇంటి రీమోడలింగ్, ఇంటీరియర్ పనులు చేసే ప్రతి కాంట్రాక్టర్ వినే మాట ఇది. ఆ ‘తర్వాత’ వచ్చేసరికి సీన్ మారిపోతుంది. "నేను చేయమనలేదే" అని కస్టమర్ అంటారు. "మీరే కదా సార్ చెప్పారు" అని కాంట్రాక్టర్ అంటాడు. ఇద్దరి దగ్గరా కాగితం ఉండదు.

ఈ వ్యాపారంలో నష్టం ఎక్కువగా కొటేషన్ తక్కువ వేయడం వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ పని మధ్యలో నోటి మాటగా ఒప్పుకున్న మార్పులే అసలు లాభాన్ని తినేస్తాయి. అగ్రిమెంట్‌లో ఏం ఉండాలి? గొడవ వస్తే చట్టం ఎవరి వైపు నిలుస్తుంది? వివరాలు ఇలా ఉన్నాయి.

నోటి మాట చెల్లుతుందా?

చెల్లుతుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇలాంటి పనులకు ఒప్పందం కాగితం మీదే ఉండాలన్న రూల్ లేదు. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకుని, ప్రతిఫలం ఉండి, పని చట్టబద్ధమైనదైతే చాలు. సమస్య చెల్లుబాటుతో కాదు, నిరూపణతో. డబ్బు రావాలని కోర్టుకు వెళ్లిన వాళ్లే ఏ పని, ఎంత రేటుకు, ఎవరు చెప్పారనేది చూపించాలి. మాటకు సాక్షి లేకపోతే అంతే సంగతులు.

ఎక్స్‌ట్రా వర్క్.. లెక్క ఎక్కడ తప్పుతుంది?

ఉదాహరణకు కూకట్‌పల్లిలో ఓ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ రీమోడలింగ్‌ను 9 లక్షలకు ఒప్పుకున్నారనుకుందాం. 12 శాతం మార్జిన్ వేసుకుంటే కాంట్రాక్టర్‌కు మిగిలేది 1,08,000 రూపాయలు. పని మొదలయ్యాక చిన్న బెడ్‌రూమ్‌కు ఫాల్స్ సీలింగ్, దేవుడి గదికి లామినేట్ బదులు టేకు తలుపు, యుటిలిటీలో కొత్త టైల్స్ వచ్చి చేరాయి. వీటికి కాంట్రాక్టర్ చేతి నుంచి పడిన ఖర్చు 1,20,000 అనుకుంటే.. ఆ డబ్బు రాకపోతే లాభం మొత్తం పోయి, పైగా 12,000 జేబులోంచి పెట్టుకున్నట్టే. రెండు నెలల కష్టానికి మిగిలింది అదీ.

మరి రాతలో లేని పనికి డబ్బు అస్సలు రాదా? వచ్చే దారి ఒకటుంది. కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 70 ప్రకారం ఒకరు ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా పని చేసి, ఎదుటివారు దాన్ని స్వీకరించి లాభం పొందితే పరిహారం ఇవ్వాల్సిందే. 1961లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి, బీకే మండల్ అండ్ సన్స్ అనే సంస్థకు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అధికారులు అడిగితే ఆ సంస్థ గోదాం షెడ్లు, వంటగది, ఆఫీసు గదుల్లాంటివి కట్టిపెట్టింది. చట్టం చెప్పిన పద్ధతిలో కాంట్రాక్టు మాత్రం జరగలేదు. అయినా కట్టినవి ప్రభుత్వం వాడుకుంది కాబట్టి డబ్బు చెల్లించాల్సిందేనని కోర్టు తేల్చింది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఎదుటివారికి వద్దనే అవకాశం ఉండి కూడా ఆ పనిని తీసుకున్నారని చూపించాలి. కస్టమర్ ఊళ్లో లేనప్పుడు, వాళ్లకు చెప్పకుండా చేసేసిన పనికి ఈ సెక్షన్ అంత సులువుగా ఆదుకోదు. పైగా కోర్టు ఇచ్చేది కాంట్రాక్టర్ అడిగిన రేటు కాకపోవచ్చు, న్యాయమని తోచిన మొత్తం మాత్రమే. అందుకే సెక్షన్ 70ని చివరి ఆసరాగా చూడాలి. దాన్ని నమ్ముకుని పని మొదలెట్టకూడదు.

దీనికి సులువైన మందు ‘మార్పు స్లిప్’. అగ్రిమెంట్ మళ్లీ రాయక్కర్లేదు. కింది ఐదు విషయాలతో ఒక చీటీ చాలు.

• ఏ పని కలిసింది, లేదా ఏ పని మారింది
• దాని కొలత, మెటీరియల్, రేటు, మొత్తం
• దీనివల్ల గడువు ఎన్ని రోజులు పెరుగుతుంది
• డబ్బు ఎప్పుడు ఇవ్వాలి
• తేదీ, ఇద్దరి సంతకాలు

సంతకానికి వీలు కాకపోతే ఇవే వివరాలు వాట్సాప్‌లో పంపి "ఓకే, చేయండి" అని జవాబు వచ్చాకే పని మొదలెట్టాలి. "రాత్రి లెక్క పంపిస్తాను" అని పగలే గోడ కొట్టేస్తే లాభం లేదు. అలాగే ‘రాతపూర్వక అనుమతి లేకుండా ఎక్స్‌ట్రా పని చేయబడదు’ అనే లైన్ మొదటి అగ్రిమెంట్‌లోనే ఉండాలి. అప్పుడు కస్టమర్‌ను సంతకం అడగడానికి మొహమాటం ఉండదు. రూలే అలా ఉందని చెప్పొచ్చు.

భార్యాభర్తలు, పెద్దవాళ్లు, కొడుకు.. ఇలా ఇంట్లో తలా ఒక మాట చెప్పడం కూడా మామూలే. అందుకే మార్పులకు ఎవరి సంతకం చెల్లుతుందో పేరుతో సహా ముందే రాసుకోవాలి. ఫ్లాట్ ఓనర్ అమెరికాలో ఉండి, ఇక్కడ నాన్నగారో బావమరిదో పని చూస్తుంటే ఇది మరీ ముఖ్యం. ఓనర్ నుంచి వాళ్లకు అధికారం ఇస్తున్నట్టు కనీసం ఒక ఈమెయిల్ తీసుకోవాలి.

అగ్రిమెంట్‌లో గొడవలకు మూలం ఈ మూడే

1. కొలత పద్ధతి: వార్డ్‌రోబ్‌ను ఎదురుగా కనిపించే ఎస్‌ఎఫ్‌టీ లెక్కన కొలుస్తారా, లోపలి అరలు కూడా కలుపుతారా? పెయింటింగ్‌లో తలుపులు, కిటికీల ఖాళీ తీసేస్తారా, లేదా? కొటేషన్‌లో రేటు ఉంటుంది కానీ కొలిచే పద్ధతి ఉండదు. ఫైనల్ బిల్లు దగ్గర గొడవ ఇక్కడే మొదలవుతుంది.

2. మెటీరియల్: ‘మంచి ప్లైవుడ్’ అని రాస్తే ఎవరికి వాళ్లు ఒక అర్థం చెప్పుకుంటారు. గ్రేడ్, మందం, కంపెనీ పేరు రాయాలి. నీళ్లు తగిలే చోట బీడబ్ల్యూపీ గ్రేడ్ అని చెబితే షీట్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి. షీట్లు కోయకముందే ఆ ముద్రతో ఫొటో తీసుకోవడం మంచిది. చెప్పిన కంపెనీ సరుకు దొరక్కపోతే ఏం వాడతారన్నదీ రాసుకోవాలి.

3. ఏది లెక్కలోకి రాదు: పాత టైల్స్ పగలగొట్టడం, చెత్త తరలింపు, లిఫ్ట్ వాడినందుకు అసోసియేషన్ వసూలు చేసే ఫీజు, లైట్లు, ఫ్యాన్లు, ట్యాపులు.. ఇవి ఎవరి ఖర్చు? చేసే పనుల లిస్టు ఎంత ముఖ్యమో, చేయని పనుల లిస్టు కూడా అంతే ముఖ్యం. కూల్చిన వ్యర్థాలను రోడ్డు పక్కన, నాలాల్లో పోస్తే జరిమానా పడుతుంది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలో ఈ వ్యర్థాల రీసైక్లింగ్ ప్లాంట్లు ఉన్నాయి.

స్టాంప్ పేపర్ తప్పనిసరా?

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి అగ్రిమెంట్లను సాధారణంగా 100 రూపాయల స్టాంప్ పేపర్ మీద రాస్తుంటారు. భూమి, ఇల్లు చేతులు మారట్లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. స్టాంప్ డ్యూటీ కట్టని అగ్రిమెంట్ చెల్లకుండా పోదని, కానీ డ్యూటీ కట్టేదాకా దాన్ని సాక్ష్యంగా తీసుకోరని 2023 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జిల బెంచ్ స్పష్టం చేసింది. తర్వాత కట్టాలంటే పెనాల్టీ పదింతల వరకు పడొచ్చు. అందుకే మొదట్లోనే ఆ చిన్న ఖర్చు పెట్టేయడం మేలు.

డబ్బు ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?

తయారు చేసిన కిచెన్ యూనిట్ వర్క్‌షాప్‌లో ఉన్నంతవరకు బకాయి అడగడానికి కాంట్రాక్టర్‌కు పట్టు ఉంటుంది. ఒకసారి ఇంట్లో బిగించేశాక ఆ పట్టు పోతుంది. డబ్బు ఇవ్వలేదని కోపంతో బిగించిన షట్టర్లు, ఫిట్టింగ్‌లు పీక్కొస్తే ఎదురు పోలీసు కేసు పడే ప్రమాదం ఉంది. అందుకే వాయిదాలను తేదీలతో కాకుండా పని దశలతో ముడిపెట్టాలి. అడ్వాన్స్, మెటీరియల్ దిగే ముందు, వర్క్‌షాప్ నుంచి యూనిట్లు బయల్దేరే ముందు, బిగింపు అయ్యాక, హ్యాండోవర్ రోజు.. ఇలా రాసుకుంటే చివర్లో మిగిలే బకాయి చిన్నదిగా ఉంటుంది. వాయిదా ఆగితే పని ఆపే హక్కు ఉంటుందని, ఆపే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారో కూడా రాయాలి.

మరో మూడు జాగ్రత్తలు ఉన్నాయి.

• నగదు: ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒకే పనికి సంబంధించి ఒకరి నుంచి 2 లక్షలు లేదా అంతకు మించి క్యాష్ తీసుకోకూడదు. విడతలుగా తీసుకున్నా అంతే. తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడొచ్చు. అదీ తీసుకున్న వాళ్లకే.

• జీఎస్టీ: సర్వీసుల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ పనుల మీద పన్ను సాధారణంగా 18 శాతం. 9 లక్షల పనికి అది 1,62,000. ‘జీఎస్టీ అదనం’ అనో, ‘జీఎస్టీతో కలిపి’ అనో కొటేషన్‌లో లేకపోతే ఈ మొత్తం ఎవరు భరించాలన్నదే పెద్ద పంచాయితీ అవుతుంది.

• చెక్కు: బౌన్స్ అయితే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా సెక్షన్ 138 కింద కోర్టులో ఫిర్యాదు చేయాలి. ఈ తేదీల్లో ఒక్కటి దాటినా కేసు చిక్కుల్లో పడుతుంది.

గృహప్రవేశం ముహూర్తం.. గడువు గొడవ

"శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాం, ఎలాగైనా ఇచ్చేయాలి" అంటే కాదనలేక ఒప్పేసుకుంటారు. ఆ తేదీ అగ్రిమెంట్‌లోకి ఎక్కితే కథ వేరు. గడువే కీలకమని రాసుకున్న ఒప్పందంలో తేదీ దాటితే దాన్ని రద్దు చేసుకునే హక్కు ఎదుటివారికి వస్తుందని సెక్షన్ 55 చెబుతోంది. అదే సెక్షన్‌లో కాంట్రాక్టర్‌కు పనికొచ్చే మాట కూడా ఉంది. అలాంటి ఒప్పందంలో, ఆలస్యంగా చేసిన పనిని కస్టమర్ తీసుకుని, ఆ సమయంలో నష్టపరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే తర్వాత ఆలస్యానికి పరిహారం అడగడం కుదరదు.

టైల్ ఎంపికకు కస్టమర్ రెండు వారాలు తీసుకున్నా, అసోసియేషన్ ఆదివారాలు పని చేయనివ్వకపోయినా ఆలస్యం కాంట్రాక్టర్ ఖాతాలోనే పడిపోతుంటుంది. కారణం వచ్చిన రోజే "ఈ కారణంగా గడువు ఇన్ని రోజులు జరుగుతుంది" అని మెసేజ్ పంపాలి. హ్యాండోవర్ రోజు ఏకరువు పెడితే ఎవరూ నమ్మరు.

‘రోజుకు ఇంత పెనాల్టీ’ అనే లైన్ చూసి భయపడక్కర్లేదు, అలాగని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. సెక్షన్ 74 ప్రకారం రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారాన్ని కోర్టు నిర్ణయిస్తుంది. ఇదే సూత్రం కస్టమర్‌కూ వర్తిస్తుంది. ‘క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ మొత్తం పోతుంది’ అని రాసుకున్నంత మాత్రాన అదంతా ఉంచేసుకోవచ్చని అనుకోకూడదు. ఖర్చు ఎంతైందో బిల్లులతో చూపించగలగాలి.

గోడ మీద సుత్తి పడే ముందు

హైదరాబాద్‌లో కొత్తగా వచ్చిన చాలా హైరైజ్ టవర్లను ‘మివాన్’ పద్ధతిలో, అంటే అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో కట్టారు. వీటిలో గోడలు కూడా కాంక్రీటే, బరువు మోసేవే. ఇటుక గోడ అనుకుని గాడి కొట్టినా, తలుపు వెడల్పు చేసినా మొత్తం బిల్డింగ్‌కే ముప్పు. బీమ్, కాలమ్, స్లాబ్ జోలికి వెళ్లే పనైతే స్ట్రక్చరల్ ఇంజినీర్ రాతపూర్వక అభిప్రాయం, అసోసియేషన్ ఎన్‌ఓసీ, అవసరమైతే మున్సిపల్ అనుమతి వచ్చాకే మొదలెట్టాలి. ఈ అనుమతులు తెచ్చే బాధ్యత ఎవరిదో అగ్రిమెంట్‌లో రాయాలి. "ఓనరే కొట్టమన్నారు" అనే సమాధానం పక్క ఫ్లాట్ వాళ్ల దగ్గర పనిచేయదు.

రెరా సంగతి చాలామందికి తెలియదు. అమ్మకం, ప్రచారం, కొత్త కేటాయింపు లేని రిపేర్లు, రెనోవేషన్ పనులు రెరా రిజిస్ట్రేషన్ పరిధిలోకి రావు. కానీ కొత్త ఫ్లాట్‌లో నిర్మాణ లోపాలకు పొజెషన్ నుంచి 5 ఏళ్ల వరకు బిల్డర్ బాధ్యత ఉంటుంది. ఈలోగా రీమోడలింగ్ జరిగితే "పగులు మీ ఇంటీరియర్ వాళ్ల వల్లే" అని బిల్డర్ తప్పించుకునే వీలుంది. అందుకే పని మొదలయ్యే ముందు ప్రతి గది, సీలింగ్, కింది ఫ్లాట్ బాత్‌రూమ్ పైకప్పు వీడియో తీసి తేదీతో దాచుకోవాలి.

బాత్‌రూమ్ పనిలో లీకేజీయే ప్రధాన ఫిర్యాదు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, టైల్స్ వేయకముందే కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి కస్టమర్ ముందే చూపించి సంతకం తీసుకోవాలి. వారంటీ ఎన్నేళ్లు, దేనికి వర్తిస్తుంది, దేనికి వర్తించదు అన్నదీ రాయాలి. ‘లైఫ్‌టైమ్ గ్యారంటీ’ లాంటి మాటలు యాడ్‌లో బాగుంటాయి, కమిషన్ ముందు మెడకు చుట్టుకుంటాయి.

పనివాడికి దెబ్బ తగిలితే ఎవరు బాధ్యులు?

పెయింటింగ్‌నో, ఎలక్ట్రికల్ పనినో మేస్త్రికి సబ్ కాంట్రాక్ట్ ఇచ్చేశాం, మనకు సంబంధం లేదనుకుంటే పొరపాటే. తన వ్యాపారంలో భాగమైన పనిని ఇంకొకరికి అప్పగించినా, ఆ పనివాడికి ప్రమాదం జరిగితే ప్రధాన కాంట్రాక్టర్ పరిహారం చెల్లించాలి. తర్వాత సబ్ కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవచ్చు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉన్న ఈ నియమాన్ని 2020 నాటి సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంచారు. నిచ్చెన మీంచి పడిన పెయింటర్ కుటుంబానికి అది బతుకు సమస్య. చిన్న కాంట్రాక్టర్‌కు అది దుకాణం మూసుకునే సమస్య. కార్మికుల పరిహార పాలసీ, వేరేవాళ్ల ఆస్తికి నష్టం జరిగితే కవరయ్యే లయబిలిటీ పాలసీ తీసుకుని, ఆ ఖర్చు కొటేషన్‌లోనే కలపడం తెలివైన పని. సబ్ కాంట్రాక్టర్‌తోనూ రాత ఒప్పందం ఉండాలి.

కస్టమర్ కన్జ్యూమర్ కేసు వేస్తే..

సొంత ఇంటికి పని చేయించుకున్న కస్టమర్ వినియోగదారుడే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల వరకు ఫీజు కూడా లేదు. రెండేళ్లలోగా, తాము ఉంటున్న ఊళ్లోనే కేసు వేసే వీలుంది. అంటే హైదరాబాద్ కాంట్రాక్టర్ విజయవాడలో హాజరు కావాల్సి రావొచ్చు.

ఇక్కడ అసలు ప్రమాదం నోటీసును పక్కన పడేయడం. జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు.. మొత్తం 45 రోజులే. పాత చట్టంలోని ఇదే గడువు మీద 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక్క రోజు కూడా పెంచడానికి వీల్లేదని తేల్చింది. జవాబు వేయకపోతే కస్టమర్ చెప్పిందే రికార్డులో మిగులుతుంది. తీర్పును పాటించకపోతే జరిమానాతో పాటు మూడేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు.

‘గొడవ వస్తే ఆర్బిట్రేషనే’ అని రాసుకున్నా కస్టమర్ కన్జ్యూమర్ కమిషన్‌కు వెళ్లకుండా ఆపలేరని సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో చెప్పింది. ఇక ‘ఆర్బిట్రేటర్‌ను మేమే నియమిస్తాం’ అన్న ఏకపక్ష షరతుకు 2019 తీర్పు తర్వాత విలువ లేదు.

డబ్బు రాకపోతే కాంట్రాక్టర్ ఎక్కడికి వెళ్లాలి?

వినియోగదారుల కమిషన్ తలుపు కాంట్రాక్టర్‌కు తెరుచుకోదు. డబ్బు రాబట్టాలంటే సివిల్ కోర్టే దారి. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. "ఇస్తాను, కాస్త ఆగండి" అని నోటితో చెబితే గడువు పెరగదు. గడువు లోపల బాకీ ఉందని సంతకంతో రాసిస్తే మాత్రం మళ్లీ కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి.

కోర్టు కన్నా ముందు లోక్ అదాలత్‌ను ప్రయత్నించొచ్చు. ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ నంబర్ 15100.

వాట్సాప్ చాట్ సాక్ష్యంగా పనికొస్తుందా?

పనికొస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం దానికి ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగాన్ని చాట్ ఉన్న వ్యక్తి, రెండో భాగాన్ని నిపుణుడు నింపాలి. స్క్రీన్‌షాట్లు మాత్రమే ఉంచుకుని చాట్ డిలీట్ చేస్తే నిరూపణ కష్టమవుతుంది. ఫోన్ మార్చినా పాత చాట్ బ్యాకప్ ఉండేలా చూసుకోవాలి. ఒక్కో సైటుకు ఒక్కో గ్రూపు పెట్టి ఫొటోలు, కొలతలు, మార్పులు, చెల్లింపులు అన్నీ అందులోనే నడిపిస్తే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

పని మొదలెట్టే ముందు ఒక్కసారి చూసుకోవాల్సినవి

• స్టాంప్ పేపర్ మీద సంతకాలతో అగ్రిమెంట్, దానికి జతగా డ్రాయింగ్, మెటీరియల్ లిస్టు
• కొలత పద్ధతి, చేయని పనుల లిస్టు, జీఎస్టీ ఎవరిదన్న స్పష్టత
• పని దశలతో ముడిపడిన వాయిదాలు
• మార్పులకు ఎవరి సంతకం చెల్లుతుందో
• ఇంజినీర్ అభిప్రాయం, అసోసియేషన్ ఎన్‌ఓసీ, పనికి ముందు తీసిన వీడియో
• ఇన్సూరెన్స్ పాలసీలు
• హ్యాండోవర్ రోజు మిగిలిన చిన్న లోపాల లిస్టు, దాని మీద ఇద్దరి సంతకాలు

కాగితం అడిగితే కస్టమర్ నొచ్చుకుంటారేమోనని చాలామంది వెనకాడతారు. నిజానికి ఆ కాగితం కస్టమర్‌కూ రక్షణే. ఏ ప్లైవుడ్ వాడారో, ఎంత చెల్లించారో, ఏ తేదీకి ఇస్తామన్నారో అన్నీ వాళ్ల చేతిలో కూడా ఉంటాయి. పని బాగా చేసినా లెక్క దగ్గర మాట పడే పరిస్థితి ఇద్దరికీ తప్పుతుంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఒక్కో కేసులో వివరాలు వేరుగా ఉంటాయి కాబట్టి అగ్రిమెంట్ రాసే ముందు, నోటీసు అందినప్పుడు న్యాయవాదిని సంప్రదించాలి.